గౌరమ్మా కాదు, రిబ్కమ్మా కాదు

7 జులై 2003, సోమవారం

ఈ రోజు ఒక పిల్ల ఫోటోను కావాలనే చెడగొట్టాను. నాన్న బతికుంటే కెమెరా స్టాండు తీసి నెత్తిమీద ఒకటి ఇచ్చేవాడు.

ఆషాఢం, బేరాల్లేవు. ఎదురుగా సత్యనారాయణమూర్తి గారి కొత్త కలర్ ల్యాబ్ ముందు మాత్రం ఎప్పుడు చూసినా నలుగురు నిలబడి ఉంటున్నారు. నేను ఈగలు తోలుకుంటూ కూర్చున్న సమయానికి బస్టాండు దగ్గర గాజుల కొట్టు మొహిద్దీన్ గారి భార్య షమీమ్ గారు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. పిల్ల పేరు మెహర్. వైజాగ్‌లో బొమ్మలు చెక్కే చదువు, ఆఖరి సంవత్సరం. గుంటూరు నుంచి సంబంధం వచ్చిందట, పెళ్ళిచూపుల ఫోటో కావాలట.

"రాజకుమారి గారూ, మీ దగ్గర ఫోటో దిగితే మూణ్ణెల్లలో పెళ్ళి కుదురుతుందంటారండి అందరూ," అన్నారు షమీమ్ గారు. "కాకపోతే మాకు ఆ బొమ్మ వద్దండి. ఏమీ అనుకోకండేం. కొంచెం తెర లాగేస్తారా?"

లాగేశాను. పాపం అక్క! ఆ బొమ్మని నేను అలాగే పిలుస్తాను. నాన్న యానాంలో ఫ్రెంచి దొరలు సామాను అమ్ముకుని వెళ్ళిపోతుంటే కొని తెచ్చినప్పటి నుంచీ ఆ టేకు స్టూలు మీదే నిలబడి ఉంది. రెండున్నర అడుగుల ఇత్తడి మనిషి. ఫోటోలో నల్లముద్దలా పడుతోందని నాన్న వెండి రంగు పూశాడు. మోకాళ్ళు కనిపిస్తున్నాయని అమ్మ చీర కట్టింది. తలమీద నెలవంక చూసి హిందువుల ఆడవాళ్ళు గౌరమ్మ అన్నారు. కుడిచెయ్యి భుజం మీదుగా వెనక్కి పెట్టి ఏదో పట్టుకుని ఉంటే మా మందిరం సంఘం ఆడవాళ్ళు అది కడవ అని తేల్చి రిబ్కమ్మ అన్నారు. బావి దగ్గర ఒంటెలకు నీళ్ళు పోసి ఇస్సాకుకు పెళ్ళామైన రిబ్కా. కాళ్ళ దగ్గర దూడకీ గొర్రెకీ మధ్యరకంగా ఒక జంతువు ఉంది కాబట్టి అది ఒంటెపిల్ల. గౌరమ్మయినా, రిబ్కమ్మయినా పెళ్ళిళ్ళ మనిషే. కిందికి చాచిన అక్క ఎడమచేతి మీద చెయ్యి వేసి ఫోటో దిగితే పెళ్ళి ఖాయమని ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ నమ్ముతాయి. నా పొయ్యి వెలిగేది ఆ నమ్మకం మీదే. అది లేకపోతే ఎదురు ల్యాబ్ ధాటికి ఎప్పుడో మూసేసేదాన్ని.

సరే. పిల్ల గడ్డం సర్దుతుంటే నా చెవిలో అంది: "ఆంటీ, ఫోటో బాగా రాకూడదు."

"ఏంటే?"

"ప్లీజ్ ఆంటీ. ఏప్రిల్లో పరీక్షలు. అప్పటిదాకా నేనెవరికీ నచ్చకూడదు."

ఆంటీ ఏంటి ఆంటీ, నాకింకా నలభై రాలేదు. కోపం వచ్చింది. కెమెరా వెనక్కి వెళ్ళాను. మనిషి రెప్ప వేసే ముందు కింది పెదవి ఒక్క పిసరు కదులుతుంది, నాన్న నేర్పిన సంగతి. రెప్ప పడి లేచాక నొక్కాలి. ఇవాళ పెదవి కదలగానే నొక్కాను.

ఎందుకు నొక్కానో తెలీదు. సాయంత్రం నుంచీ హాయిగా ఉంది.

10 జులై, గురువారం

అబ్బబ్బబ్బ! ఎక్కడ మొదలుపెట్టను?

షమీమ్ గారు ఫోటో పట్టుకుని వచ్చారు. "ఏవండీ, మా అమ్మాయి కూర్చుని నిద్రపోతోందేంటండీ?" అన్నారు. "కరెంటు అదిరిందండి, మళ్ళీ తీస్తాను," అన్నాను. అబద్ధమే. ప్రభువు క్షమించాలి. మధ్యలో ఆవిడ కొట్టుకు ఫోన్ చెయ్యాలని పక్కనున్న ఎస్టీడీ బూత్‌కి వెళ్ళారు. అంతే, పిల్ల లేచి తెర పక్కకి లాగేసింది. లాగి కెవ్వుమని కేక.

"ఆంటీ! ఈవిడకి చీర ఎవరు కట్టారు?"

"మా అమ్మ. ఏం?"

"తీసెయ్యండి ఆంటీ!"

"ఏయ్, కొంగు ముట్టుకోకు!"

నా మాట వింటేగా. కొంగు తీసేసింది, చుట్టూ తిరిగింది, గోటితో గీకింది. "ఇది కడవ కాదు ఆంటీ, అమ్ములపొది. బాణం తీస్తోంది, చూడండి వేళ్ళు. నెలవంక! పొట్టి గౌను! ఆంటీ, ఈవిడ డయానా. వేటదేవత. మా పుస్తకంలో ఫుల్ పేజీ ఉంది."

"మరి ఒంటెపిల్లో?"

"జింక ఆంటీ! కొమ్ములు విరిగిపోయాయి!"

ఆ పిల్ల పీఠం వెనకవైపు వెండిరంగు గీకుతూనే ఉంది. కింద అక్షరాలు. పి. ఏ. ఆర్. ఐ. ఎస్. దాని పక్కన పోతపోసినవాడి పేరేదో సగం అరిగిపోయి ఉంది. ఎక్కడో రాజుగారి తోటలోని పాలరాతి బొమ్మకి ఇలా చిన్న నకళ్ళు ప్యారిస్‌లో పోసేవారట, నూటపాతికేళ్ళ కిందటి మాట. ఇత్తడి కూడా కాదట, కంచు.

షమీమ్ గారు వచ్చేసరికి తెర వేసేశాం. ఇద్దరం తెర ముందు దొంగల్లా నిలబడ్డాం. మళ్ళీ ఫోటో తీశాను. పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది, నోరంతా తెరిచి నవ్వుతుండగా నొక్కాను. ఈసారి కావాలని కాదు, నాకూ నవ్వొచ్చి చెయ్యి కదిలింది.

11 జులై

జింక! నా వయసంతా ఒంటె అనుకున్నాను.

13 జులై, ఆదివారం

ఆరాధన అయ్యాక అన్నయ్య ఇంటికి వచ్చాడు. ఆనంద్ పాల్ గారు చెల్లెలి ఇంట్లో టీ తాగడానికి వచ్చారంటే టీ కోసం కాదు.

నాకు సంబంధం. ఊరు ఉండి. క్రీస్తుదాసు గారట, నలభై మూడు. భార్య పోయి నాలుగేళ్ళు, పిల్లల్లేరు. ఉండిలో ఇల్లు, కొల్లేటికోట వైపు చేపల చెరువులు. తల్లి కనకమ్మ గారు ఉన్నారు.

"ఇంకెన్నాళ్ళు రాజీ, ఊళ్ళో పిల్లలందరికీ ఫోటోలు తీసుకుంటూ?" అన్నాడు. "ఆ ల్యాబ్ ఎదురుగా ఎన్నాళ్ళు నెగ్గుతావు? సత్యనారాయణమూర్తి గారు షాపు తీసుకుంటానంటున్నారు. బొమ్మని కూడా. బొమ్మే ముఖ్యం అంటున్నాడాయన."

వెంట వచ్చిన వదిన నా చెయ్యి పట్టుకుంది. మంచిది వదిన.

సరే అన్నాను. ఏడుస్తూ ఏమీ అనలేదు, మామూలుగానే అన్నాను. మంచి సంబంధమే గదా.

18 జులై, శుక్రవారం

మెహర్ రోజూ వస్తోంది. వాళ్ళమ్మతో 'ఫోటో రిపేరు' అని చెప్పి వస్తోందట. కాలేజీ ఆగస్టు ఇరవై దాటాక తెరుస్తారట. ఇవాళ పుస్తకం తెచ్చింది. ఫుల్ పేజీ. మా అక్కే! రాతిలో ఉంది గానీ మా అక్కే. అదే నడక, అదే చెయ్యి. వేరేవాళ్ళ ఆల్బంలో మన మనిషి కనపడితే ఎలా ఉంటుంది? నా గుండె అలా కొట్టుకుంది.

"ఏం దేవతే ఈవిడ? పెళ్ళిళ్ళకేనా?" అనడిగాను.

పిల్ల ఒక్కసారి నావంక చూసి, అక్కవంక చూసి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టింది. తర్వాత చెప్పింది. చిన్నప్పుడు ఈవిడని తండ్రి ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఏం కావాలి తల్లీ అంటే, నాకు పెళ్ళి వద్దు నాన్నా, విల్లూ బాణాలూ కావాలి, కొండలన్నీ కావాలి, వేటకుక్కలు కావాలి అందట. తండ్రి నవ్వి సరే అన్నాడట. ఎవడో వేటగాడు ఈవిడ స్నానం చేస్తుంటే తొంగి చూశాడట. వాణ్ణి జింకని చేసేసిందట, వాడి కుక్కలే వాణ్ణి పీక్కు తిన్నాయట.

"పెళ్ళి వద్దన్న మనిషా!" అన్నాను. "ఈవిడ చెయ్యి పట్టించి గూడెం, ఉంగుటూరు, గణపవరం, ఏలూరు పిల్లలందరికీ పెళ్ళిళ్ళు చేశామా!"

కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం. తర్వాత మెహర్, "ఇది పేపర్లో రావాలి ఆంటీ, మా సార్‌కి చెప్తే ఫోటోతో సహా వేయిస్తారు," అనేసరికి నా నవ్వు ఎగిరిపోయింది.

"నా కొంప ముంచకే తల్లీ! వెంకటనరసమ్మ గారు వింటే ఇంకేమన్నా ఉందా?"

వెంకటనరసమ్మ గారంటే మా ఊరు గూడెంలో పెళ్ళిళ్ళ పేరమ్మ. పిల్లలు ఆవిడ వెనకాలే నా స్టూడియోకి వస్తారు. పెళ్ళి వద్దన్న దేవత, మగాళ్ళని జింకల్ని చేసే దేవత అని తెలిస్తే ఏ తల్లి గడప తొక్కుతుంది? రెండు వారాల్లో తాళం వెయ్యాలి.

"ఎలాగూ మూసేస్తున్నారుగా ఆంటీ," అంది మెహర్. "ఉండి వెళ్ళిపోతున్నారుగా."

నిజమే. ఎలాగూ మూసేస్తున్నానుగా. అయినా ఒట్టు వేయించుకున్నాను.

27 జులై, ఆదివారం

ఉండి వెళ్ళొచ్చాం. అన్నయ్య, వదిన, నేను. గణపవరం మీదుగా బస్సు, నడుము విరిగింది. అయినా ఎంత బాగుంది!

క్రీస్తుదాసు గారు నేననుకున్నట్టు లేరు. సన్నగా, పొడుగ్గా, కళ్ళతో నవ్వే మనిషి. "వందనాలండి" అని అందరికీ చెప్పి నాకు మాత్రం, "మీరు ఫోటోలు తీస్తారంట గదండి, ఎండ పోకముందే చెరువుల దగ్గరికి వెళదామా?" అన్నారు. పెళ్ళిచూపుల్లో అడిగే మాటేనా అది! కెమెరా సంచీలోనే ఉంది, అడక్కుండానే తీసేశాను.

కొల్లేటికోట వైపు చెరువుల దాకా జీపు, అక్కణ్ణుంచి పడవ. గూడబాతులు గుంపులుగా దిగుతున్నాయి. "వీళ్ళేనండి నా చేపలు తినేసే దొంగలు," అన్నారు. "కేసు పెడదామంటే ఊరూ పేరూ చెప్పరు." పడవలో పడిపోయేంతగా నవ్వాను. నేను నిలబడి ఫోటోలు తీస్తున్నంతసేపూ ఆయన మాట్లాడకుండా, పడవ ఊగకుండా, రెండు చేతులతో గెడ నేలకి ఆనించి పట్టుకుని కూర్చున్నారు. ఎంతసేపైనా సరే అన్నట్టు. నాన్న తప్ప నా కోసం అలా ఆగినవాళ్ళు ఎవరూ లేరు.

భోజనాల దగ్గర కనకమ్మ గారు కొరమేను పులుసు వడ్డిస్తూ, "ఆ విగ్రహం మాత్రం మా ఇంట్లోకి తేకమ్మా. మన ఇళ్ళల్లో అటువంటివి ఉండకూడదు," అన్నారు. ఆవిడ పద్ధతి ఆవిడది, తప్పేముంది?

వచ్చేముందు ఆయన వాకిట్లో అన్నారు: "ఇన్నేళ్ళు ఒక్కరే కష్టపడ్డారండి. ఇంక స్టూడియో ఎందుకు? ఇక్కడ హాయిగా కూర్చోండి."

ఎంత మంచి మాట. నన్ను కూర్చోమన్నవాళ్ళెవరు ఇన్నాళ్ళూ? ఎంత మంచి మాట.

28 జులై

చాలా సంతోషంగా ఉంది.

31 జులై, గురువారం

పుష్కరాలు. రైళ్ళు కిక్కిరిసి పోతున్నాయి, స్టేషను దాకా జనమే. చాలా సంతోషంగా ఉంది. ఒక పెళ్ళి ఫిల్ము కెమికల్లో మర్చిపోయాను, సగం మాడింది. ఇలా ఎప్పుడూ జరగలేదు.

3 ఆగస్టు

సంతోషంగానే ఉంది. ఈ ముక్క ఇన్నిసార్లు ఎందుకు రాస్తున్నానో.

6 ఆగస్టు, బుధవారం

ఎదురు ల్యాబ్‌కి ఇచ్చేసేముందు అక్క అసలు రంగు ఒక్కసారి చూడాలనిపించింది. అంతే, ఇంకేం లేదు. మెహర్‌ని పిలిచాను.

నేను గిన్నెలో చింతపండు నానబెట్టి, కొబ్బరిపీచు పట్టుకుని రెడీగా కూర్చున్నాను. ఆ పిల్ల గుమ్మంలోంచే అరిచింది. "చింతపండా! ఆంటీ, మీకు దండం పెడతాను, దూరంగా పెట్టండి! కంచుకి పట్టిన ఆ పాత రంగే ప్రాణం, అది పోతే మళ్ళీ రాదు." పండగొస్తే ఇత్తడి సామానంతా చింతపండుతో తోముకునే ఇంట్లో పుట్టాను, నాకేం తెలుస్తుంది? ఆ చింతపండుతో చారు పెట్టేశాను.

థిన్నరు, దూది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా. వెండిరంగు పొరలు పొరలుగా ఊడింది. కింద ముదురు గోధుమరంగు, వంపుల్లో కొంచెం పచ్చగా. చెప్పుల వార్లు కనపడ్డాయి. జింక ఒంటిమీద వెంట్రుకలు కూడా చెక్కాడు మహానుభావుడు! ఎడమచేతి మీద మాత్రం రంగే లేదు, పిల్లల చేతులు పడీ పడీ ఎప్పుడో అరిగిపోయింది. ఆ చెయ్యి ఒక్కటే బంగారంలా మెరుస్తోంది.

ఆఖర్న ముఖం. ముఖం నేనే తుడిచాను. అక్క ఎప్పుడూ తిన్నగా కెమెరాలోకే చూస్తుందని అనుకునేదాన్ని. ఆ కళ్ళు నాన్న నల్లరంగుతో వేసినవి. రెండు చుక్కలూ పోయాయి. కింద అసలు కళ్ళు వేరే వైపు చూస్తున్నాయి. తల పక్కకి తిప్పి, దూరంగా, తన పని మీద తను పోతోంది. మమ్మల్నెవర్నీ చూడటం లేదు. ఎప్పుడూ చూడలేదు.

నాకు ఎందుకో ఒళ్ళు ఝల్లుమంది. ఏడుపు కాదు.

"చీర కట్టనా?" అని మెహర్‌ని అడిగాను.

"మీ ఇష్టం ఆంటీ."

కట్టలేదు.

12 ఆగస్టు, మంగళవారం

సత్యనారాయణమూర్తి గారు బొమ్మని చూసుకుపోదామని వచ్చాడు. చూసి నాలుక కరుచుకున్నాడు. "ఎంత పని చేశావమ్మా, వెండిరంగే బాగుండేది గదా! పర్లేదులే. నేను గోల్డు కొట్టించేస్తాను. ఏసీ రూములో పెట్టి, ఆ పైకెత్తిన చేతికి లైటింగు బోర్డు తగిలిస్తే అదిరిపోద్ది."

"అదిరిపోద్దండి," అన్నాను.

ఆయన వెళ్ళాక చూసుకుంటే నా పిడికిళ్ళు రెండూ బిగిసి ఉన్నాయి. చేతికి లైటింగు బోర్డా! బాణం తీసే చేతికి! నీ ల్యాబ్ మీద పిడుగు పడ!

ఆదివారం మందిరంలో క్షమాపణ అడుగుతాను.

17 ఆగస్టు, ఆదివారం

అడగలేదు.

ఉండి సంఘం పెద్దలకి చూపించాలి, నా ఫోటో ఒకటి కావాలన్నారట. అన్నయ్య నవ్వుతూ, "ఊరందరికీ తీశావు, నీది నువ్వు తీసుకోలేవుగా!" అన్నాడు. "బొమ్మ చెయ్యి పట్టుకునే దిగు, శకునం."

నాన్న ఉన్నప్పుడు నన్ను అక్క పక్కన నిలబెట్టి తియ్యలేదు. అడిగితే "నువ్వు కెమెరా వెనకాల మనిషివే" అనేవాడు. అప్పుడు కోపం వచ్చేది.

నాన్న పెద్ద కెమెరా దించాను. చివరి డబ్బాలో ఫిల్ములు కొన్ని మిగిలాయి. మెహర్‌ని నల్లగుడ్డ కింద దూర్చి, అద్దం మీద మనిషి తలకిందులుగా కనపడుతుందని, కంగారుపడొద్దని చెప్పాను. పట్టుచీర కట్టుకున్నాను. అక్క పక్కన నిలబడ్డాను. ఎందరు పిల్లలకి చెప్పానో ఆ మాటలే నాకు నేను చెప్పుకున్నాను: గడ్డం కొంచెం దించు, భుజం వదులు, చెయ్యి అక్క చేతిమీద వెయ్యి.

వెయ్యలేకపోయాను.

ఏమైందో రాయడానికి ప్రయత్నిస్తాను. చెయ్యి అక్కడిదాకా వెళ్ళింది. వెళ్ళి ఆగిపోయింది. ఆ మెరిసే చేతిమీద నా చెయ్యి కూడా పడితే ఇంక నేనూ స్టూడియో వదిలి వెళ్ళిపోయినట్టే అనిపించింది. పట్టుచీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి బొడ్లో దోపాను. ఎడమకాలు ముందుకు వేశాను. కుడిచెయ్యి భుజం మీదుగా వెనక్కి. తల పక్కకి. అక్క ఎటు చూస్తోందో అటు.

"ఆంటీ!" అంది నల్లగుడ్డలోంచి మెహర్.

"నొక్కవే!"

"ఆంటీ, మీరు ఎంత బావున్నారో తెలుసా?"

"తలకిందులుగా ఎవరైనా బాగుంటారు. నొక్కు!"

నొక్కింది. ఓరి దేవుడా, వంద మెట్లు ఒక్క ఊపున ఎక్కినట్టు ఆయాసం! ఇద్దరం నేలమీద కూర్చుని సోడా తాగాం.

19 ఆగస్టు

ప్రింటు వేశాను. చీకటిగదిలో ఎర్రదీపం కింద కాగితం మీద నేను మెల్లగా తేలుతుంటే నన్ను నేనే గుర్తుపట్టలేదు.

అన్నయ్య చూసి తల పట్టుకున్నాడు. "ఇదేంటే, నాటకం వేషమా? ఇది పంపిస్తే సంబంధం ఏమవుద్దో తెలుసా?"

"తెలుసు అన్నయ్యా."

"మరి?"

"పంపించు."

24 ఆగస్టు, ఆదివారం

క్రీస్తుదాసు గారు వచ్చారు. ఒక్కరే, బస్సు దిగి తిన్నగా స్టూడియోకి. చేతిలో కవరు, అందులో నా ఫోటో. నేను సంజాయిషీ చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపారు.

"ముందు నేను చెప్పేస్తానండి. ఈ ఫోటోలో మీరు ఎక్కడికో బయల్దేరి వెళుతున్నారండి. నేను చెరువుల్నీ అమ్మనీ వదిలి గూడెం రాలేను. మీరిది వదిలి వస్తే, ఆ రోజు పడవలో నిలబడిన మనిషి నాకు మళ్ళీ కనపడదు. తెలిసి తెలిసి ఎందుకండి?"

కాదండి, అలా కాదు, వస్తానండి అనే మాట నోటిదాకా వచ్చింది. నాకాయన నచ్చారు. ఇది ఎక్కడా రాయలేదు, ఇక్కడ రాస్తున్నాను. చాలా నచ్చారు. ఉండిలో స్టూడియో పెట్టుకోండి అని ఆయన అని ఉంటే ఏం చేసేదాన్నో. ఆయన అనలేదు. నేనూ అడగలేదు. అక్కని ఆ ఇంటి గడప దాటనివ్వరు, అక్క లేనిదే నా స్టూడియో లేదు, అది ఇద్దరికీ తెలుసు.

టీ తెప్పించాను. ఆయన అక్క చుట్టూ తిరిగి చూశారు. కథ మొత్తం చెప్పేశాను, జింక సంగతితో సహా. వెంకటనరసమ్మ గారికి చెప్పకుండా దాచింది ఈయనకి ఎందుకు చెప్పానో. ఆయన కళ్ళతో నవ్వి, కప్పు కింద పెట్టి, అన్నారు:

"మగాళ్ళకి పనిచెయ్యదాండీ?"

"ఏంటండీ?"

"ఫోటో. మూణ్ణెల్లలో కుదురుద్దంటారు గదా. అమ్మకి పెద్దతనం వచ్చేసింది. మీ చేత్తో నాకొకటి తియ్యండి."

"జింకైపోతారండి!"

"ఉండిలో అన్నీ చెరువులే, జింకకి గడ్డెక్కడిదండీ? ఆకలికి చచ్చిపోతాను. కొంచెం దయ చూపించమని చెప్పండి మీ అక్కగారికి."

నవ్వాను. నవ్వుతూనే పెద్ద కెమెరా దించాను. ఆయన అక్క పక్కన నిలబడి, భయం నటిస్తూ, ఆ బంగారు చేతిమీద ఒక్క వేలు పెట్టారు. నేను నల్లగుడ్డ కిందికి దూరాను. అద్దంలో తలకిందులుగా ఆయన. సన్నగా, పొడుగ్గా, కదలకుండా. పడవలో ఆగినట్టే ఆగారు, ఎంతసేపైనా సరే అన్నట్టు.

చాలాసేపు నొక్కలేదు. గుడ్డ కింద ఏడిస్తే ఎవరికీ కనపడదు.

కింది పెదవి కదిలింది. రెప్ప పడి లేచేదాకా ఆగాను. నొక్కాను. నా చేతిమీద అంత మంచి ఫోటో ఇంకోటి రాలేదు.

9 సెప్టెంబరు

మెహర్ ఉత్తరం, వైజాగ్ నుంచి. నోరంతా తెరిచి నవ్విన ఫోటోనే వాళ్ళమ్మ గుంటూరు పంపించేసిందట. "ఇలా నవ్వే పిల్లే కావాలి" అన్నారట వాళ్ళు! చదువు పూర్తయ్యాకే పెళ్ళి అన్నారట. తెర వేసినా వదల్లేదు చూశారా మీ అక్క, అని రాసింది. ఒంటె బొమ్మ గీసి కొట్టేసి కింద జింక గీసింది.

28 సెప్టెంబరు, ఆదివారం

సంబంధం పోయిందని, షాపు అమ్మనన్నానని అన్నయ్య ఇంకా ముభావంగానే ఉన్నాడు. వదిన మాత్రం నా ఫోటో అడిగి తీసుకెళ్ళి వాళ్ళ ముందుగదిలో పెట్టుకుంది.

15 అక్టోబరు

ఉండి నుంచి కార్డు. పెళ్ళికూతురు భీమవరం, నర్సు, పేరు షారోన్. రెండు నెలలు కూడా పట్టలేదు! కార్డు వెనక ఆయన చేతిరాత: "జింకని చెయ్యలేదండి, థాంక్స్ చెప్పండి. ఫోటోలు మీరే తియ్యాలి."

తీస్తాను. ఎవడో తీస్తే చూస్తూ కూర్చోనా!

23 అక్టోబరు

తీశాను. బాగా తీశాను. కనకమ్మ గారు విస్తట్లో కొరమేను రెండోసారి వేసి, "ఇంకాస్త తినమ్మా" అన్నారు. తిన్నాను.

30 అక్టోబరు, గురువారం

కార్తీకం వచ్చింది, ముహూర్తాలొచ్చాయి. ఉండి నుంచి, ఆకివీడు నుంచి ఇద్దరు మగపిల్లలు సిగ్గుపడుతూ వచ్చి "అక్క చెయ్యి పట్టుకుని" దిగి వెళ్ళారు. క్రీస్తుదాసు గారి చలవ. సత్యనారాయణమూర్తి గారు రోడ్డుకి అటువైపు నిలబడి చూస్తున్నాడు. చూడనీ.

ఇవాళ వెంకటనరసమ్మ గారు ఒక పిల్లని, తల్లిని వెంటబెట్టుకుని వచ్చారు. అక్కని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. చీర లేదు, వెండి లేదు, మోకాళ్ళు కనపడుతూ, అమ్ములపొది మనిషి. ఇంక దాచి లాభం లేదనిపించింది. దాచాలనీ లేదు.

"పిన్నిగారూ, ఈవిడ గౌరమ్మ కాదండి. రిబ్కమ్మా కాదు. డయానా అని వేటదేవత. చిన్నప్పుడే తండ్రినడిగి పెళ్ళి వద్దని వరం పుచ్చుకుంది. ఇది తెలిసీ దిగుతానంటేనే దిగండి."

పిల్ల తల్లి ముఖం పాలిపోయింది. వెంకటనరసమ్మ గారు కళ్ళజోడు సర్దుకుని అక్కని కింద నుంచి పైదాకా చూశారు. తర్వాత నన్ను కూడా అలాగే చూశారు.

"తను చేసుకోకపోతే ఏమైందే?" అన్నారు. "ఊరందరికీ చేస్తోందిగా. నీలాగే."

ఆవిడ అప్పటికే పిల్ల భుజం పట్టుకుని అక్క పక్కకి తోస్తున్నారు. "నిలబడవే, పొద్దుపోతోంది!"

పిల్ల గడ్డం సర్దడానికి వెళ్ళి, ఎవరికీ వినపడకుండా చెవిలో అడిగాను: "నీకిష్టమేనా? లేకపోతే చెప్పు, నిద్రపోతున్నట్టు తీసిపెడతాను." ఇంక ఏ పిల్ల వచ్చినా ఇది అడిగాకే తీస్తాను.

పిల్ల కిసుక్కున నవ్వింది. "ఇష్టమే మేడం. బాగా తియ్యండి."

మేడం! ఆంటీ అనలేదు. బాగా తీశాను.